గంగులప్ప చెంచాకు బ్యాటరీ

నేను పదవీ విరమణ చేయడానికి రెండేళ్ల ముందు, జూన్ నెలలో, మదనపల్లెలోని ఒక పాలిటెక్నిక్‌కు ఎలక్ట్రానిక్స్ హెడ్ ఆఫ్ సెక్షన్‌గా బదిలీ అయి వచ్చాను. లెక్చరర్, సీనియర్ లెక్చరర్, హెడ్ ఆఫ్ సెక్షన్ అని మా ఉద్యోగంలో మెట్లు. ఆఖరి మెట్టు ఎక్కాక పాఠం తక్కువ, పెత్తనం ఎక్కువ. టైం టేబుల్ వేయాలి, ల్యాబు సామాను సరిచూడాలి, చివరి ఏడాది పిల్లలకు ప్రాజెక్టులు పంచాలి, పంచినవి పూర్తయ్యేదాకా వాళ్ల వెంట పడాలి. ఈ వెంట పడే పని ఒక్కటే నాకు ఇష్టం. మిగిలినవి జీతం కోసం చేశాను.

ప్రాజెక్టు అంటే, పిల్లలు నలుగురేసి జట్టు కట్టి ఏదో ఒక పరికరం తయారుచేసి, ఏడాది చివర బయటి కాలేజీ నుంచి వచ్చే ఎగ్జామినర్ ముందు నడిపి చూపించాలి. ఏటా అవే పరికరాలు. నల్ల గీత వెంట పోయే బండి, మట్టి ఎండితే నీళ్లు పోసే మోటారు, చప్పట్లు కొడితే వెలిగే దీపం. నేను వచ్చేటప్పటికి ల్యాబు బీరువాలో అలాంటి బండ్లు ఒక చిన్న బస్టాండుకు సరిపడా ఉన్నాయి. అన్నీ ఎగ్జామినర్ ముందు ఒక్క పూట పరుగెత్తి, ఆ తర్వాత ఎవరికీ అక్కరలేక పడుకున్నవే.

ఆ ఏడాది షబానా అనే అమ్మాయి తన జట్టు తరఫున వేరే ఆలోచనతో వచ్చింది. పుంగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఆమె నాన్న కుప్పం దగ్గరి శాంతిపురం నుంచి గ్రానైటు రాళ్లు మోసే లారీ నడుపుతాడు. అక్కడ రాళ్లకు పాలిషు పట్టే గంగులప్ప అనే ఆయన, పేర్చిన పలకల మీదనుంచి పడి మెడ దగ్గర నరాలు దెబ్బతిని, రెండు చేతులూ ఎత్తలేకుండా అయిపోయాడట. ఆయన తనంతట తాను అన్నం తినగలిగేలా ఒక యంత్రపు చెయ్యి చేస్తామని షబానా అడిగింది. చేసి చూపించి బీరువాలో పెడతారా, ఆయనకు ఇస్తారా అని నేను అడిగాను. ఇచ్చేస్తామంది. అయితే ముందు ఆయన్ని చూసి రావాలన్నాను.

ఒక ఆదివారం ఇద్దరం పలమనేరు మీదుగా శాంతిపురం వెళ్లాం. గంగులప్పకు నలభై దాటి ఉంటాయి. వసారాలో వెనక్కి వాలే కుర్చీలో కూర్చోబెట్టి ఉన్నారు. మెడ తిప్పగలడు, కుడి పాదంతో కొద్దిగా నొక్కగలడు, అంతవరకే. భార్య నాగమ్మ తెల్లవారకముందే లేచి కుప్పంలో రైలెక్కి బెంగళూరు పోయి, ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్ పని చేసి చీకటి పడ్డాక తిరిగొస్తుంది. ఇంటికి ఆ జీతమే ఆధారం. మధ్యాహ్నం పూట పక్కింట్లో ఉండే గంగులప్ప వదిన వచ్చి తినిపిస్తుంది. కానీ ఆ వదిన దసరాకు ముందే కూతురి కాన్పుకని హోసూరు పోతానంది. కొన్ని నెలలదాకా రాదు. వేరే ఎవరి చేతా తినిపించుకోవడానికి గంగులప్ప ఒప్పుకోడు. అలాగైతే తానే పని మానేయాల్సి వస్తుందని నాగమ్మ చెప్పింది. చెప్పి, తలుపు వారకు తిరిగి కళ్లు తుడుచుకుంది.

పక్కింటివాళ్లో తెలిసినవాళ్లో ఒక్క పూట పెట్టలేరా అని నేను కాస్త చనువు తీసుకుని అడిగాను. గంగులప్ప మెడ నావైపు తిప్పాడు. తర్వాత మెల్లగా చెప్పాడు.

"ఆకలి పెద్ద కష్టం కాదు మేడం. తినేటప్పుడు ఎదురుగా ఒక మనిషి కాసుకోనుంటాది సూడండి, అదీ కష్టం. నేను నమిలేదాకా ముద్ద ఎత్తి పట్టుకోనుంటారు. వాళ్లకు ఇంటికాడ ఎన్ని పనులుండాయో. అందుకని నమలకుండానే మింగేస్తాను. నిండకుండానే సాలంటాను."

తిరుగు బస్సులో నాకు ఆయన మీద జాలి కన్నా గౌరవమే ఎక్కువ కలిగింది. తనకేం కావాలో అంత స్పష్టంగా చెప్పిన మనిషి నా ఉద్యోగంలో మరొకరు తారసపడలేదు. ఆయన అడిగింది అన్నం కాదు, తీరిగ్గా నమిలే వీలు.

జట్టులో మిగతా ముగ్గురు యంత్రపు చెయ్యి, ప్రోగ్రాము చూసుకున్నారు. గుంటలున్న గుండ్రటి పళ్లెం ఒకటి తిరుగుతుంది. ఒక్కో గుంటలో ఒక్కో చిన్న సంగటి ఉండ, పైన పప్పో, చెనిక్కాయల ఊరిబిండి అనే పచ్చడో. కాలి కింది బటను నొక్కితే చెంచా ఒక ఉండను తీసుకుని నోటి దాకా ఎత్తి అక్కడే ఆగుతుంది. మళ్లీ నొక్కేదాకా కదలదు. ఇందుకు మూడు సర్వో మోటార్లు వాడారు. మామూలు మోటారు తిరుగుతూనే ఉంటుంది. సర్వో మాత్రం ఎంత కోణం తిరగమంటే అంతే తిరిగి, అక్కడ బరువు మోస్తూ నిలబడుతుంది. వాటికి ఆజ్ఞలిచ్చేది మైక్రోకంట్రోలర్, అంటే అరచేతిలో పట్టే బోర్డు మీది బుల్లి కంప్యూటరు. చెయ్యి ఊగకుండా అడుగున బరువు కావాలంటే, గంగులప్పతో పనిచేసినవాళ్లు నల్లరాతి పలక ఒకటి కోసి, అద్దంలా పాలిషు పట్టి పంపారు.

కరెంటు సంగతి షబానా వాటాకు వచ్చింది. గోడ ప్లగ్గుకు అడాప్టరు పెట్టేస్తే సరిపోదా అని జట్టులో ఒకరన్నారు. ఆ వసారాలో ప్లగ్గు లేదు. ఇంట్లోంచి తీగ లాగుదామన్నా, చేత్తో పక్కకు తోసుకోలేని మనిషి పక్కన ఇంటి కరెంటు తీగ పెట్టడానికి నేను ఒప్పుకోను. పైగా అక్కడ మధ్యాహ్నం పూట కరెంటు ఉండటం ఆ పూట అదృష్టాన్ని బట్టి ఉంటుంది. కనుక బ్యాటరీయే కావాలి. ఏ బ్యాటరీ అన్న దగ్గర పిల్లలకూ నాకూ నెలన్నర వాదన జరిగింది. బయటివాళ్లకు ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. ఇలాంటి పరికరాలు ఎక్కువ భాగం చచ్చిపోయేది ఇక్కడే.

షబానా మొదట తెచ్చింది మల్టీమీటర్లలో వేసే చదరపు తొమ్మిది వోల్టుల బ్యాటరీ. మోటార్లకు కావలసింది అయిదారు వోల్టులే కదా, ఇది తొమ్మిది ఇస్తుంది, రెగ్యులేటరుతో తగ్గించుకుంటే ఇంకా మిగులుతుంది అని ఆమె లెక్క. ప్రతి ఏడాదీ ప్రతి జట్టూ మొదట ఈ బ్యాటరీనే తెస్తుంది. వోల్టులు ఎక్కువైతే బలం ఎక్కువ అనుకుంటారు. నేను వద్దనలేదు, పెట్టి చూడమన్నాను. చెంచాలో నీళ్లు పోసి బటను నొక్కింది. చెంచా సగం లేచింది, బోర్డు మీది దీపం ఆరి వెలిగింది, చెంచా ఒక్కసారిగా ఎగిరి వెనక్కి పోయింది. నీళ్లన్నీ షబానా చున్నీ మీద పడ్డాయి. జట్టంతా నవ్వారు. ఆమె మూతి ముడుచుకుంది.

జరిగింది ఏమిటంటే, సర్వో కదలడం మొదలుపెట్టే క్షణంలో ఒక్కోటి ఒక ఆంపియరు దాకా లాగుతుంది. ఆ చదరపు బ్యాటరీ ఎత్తున కట్టిన నీళ్ల ట్యాంకే, కానీ దాని గొట్టం సన్నం. ఒక్కసారిగా ఎక్కువ అడిగితే వోల్టేజీ కూలుతుంది. మైక్రోకంట్రోలర్‌కు రెప్పపాటు వోల్టేజీ తగ్గినా చాలు, ఉన్న పని మరిచిపోయి మొదటినుంచి మొదలుపెడుతుంది. దీన్నే రీసెట్ అంటాం. రీసెట్ అయితే మోటార్లు మూడూ ఒక్క ఉదుటున తమ తొలి చోటికి దూకుతాయి. గీత వెంట పోయే బండి రీసెట్ అయితే చేత్తో తోసుకోవచ్చు. చెంచా పెదవుల మధ్య ఉండగా రీసెట్ అయితే మనిషి పన్ను రాలుతుంది. ఆ మాట చెప్పాక నవ్వులు ఆగాయి.

తర్వాత షబానా నాన్నగారు తన పాత లారీ బ్యాటరీ ఇస్తానని కబురు పంపారు. ఆయన మనసు పెద్దది, బ్యాటరీ ఇంకా పెద్దది. దాన్ని నాగమ్మ రోజూ ఎత్తిపెట్టాలంటే ఆమెకు మరో యంత్రపు చెయ్యి చేయాలి. ఫోన్లకు పెట్టుకునే పవర్ బ్యాంకు చూశాం. అది తెలివైనదే, కానీ తెలివి ఎక్కువ. గంగులప్ప తీరిగ్గా నములుతూ ఉంటే మోటార్లు కదలవు, కరెంటు పెద్దగా పోదు. ఎవరూ వాడటం లేదనుకుని పవర్ బ్యాంకు తనంతట తానే ఆరిపోయింది. ఏ తీరిక కోసం ఇదంతా చేస్తున్నామో ఆ తీరికే దానికి పడలేదు. పాత ల్యాప్‌టాప్‌లలోని లిథియం సెల్లులు చవకగా దొరుకుతాయని ఇంకొకరన్నారు. బలమైనవే. కానీ వాటిని తప్పుగా ఛార్జి చేస్తే అంటుకుంటాయి. లేచి పరుగెత్తలేని మనిషి ఉన్న ఇంట్లో వాటికి చోటు లేదని తెగేసి చెప్పాను.

చివరికి తేలింది చాలా మామూలు ఏర్పాటు. టార్చిలైటు సెల్లు సైజులో ఉండే, ఛార్జి చేసుకోగల నికెల్ సెల్లులు. ఒక్కోటి మామూలు సెల్లు ఇచ్చే ఒకటిన్నర కన్నా తక్కువ, ఒకటీ పాయింటు రెండు వోల్టులు. నాలుగు వరసగా పెడితే అయిదుకు కాస్త తక్కువ. ఆ వోల్టేజీకి సర్వో నిదానంగా కదులుతుంది. షబానా దాన్ని లోపమనుకుంది. నోటి దగ్గరికి వచ్చే చెంచాకు నిదానమే కావాలన్నాను. ఒక పెట్టెలో నాలుగు సెల్లులు మోటార్లకు, ఇంకో పెట్టెలో నాలుగు మైక్రోకంట్రోలర్‌కు. మోటార్లు ఎంత లాగినా బోర్డు జోలికి పోవు. రెండు పెట్టెల నెగిటివ్ తీగలను మాత్రం కలిపి తీరాలి. లేకపోతే బోర్డు చెప్పే మాట మోటార్లకు అర్థం కాదు. మోటార్ల పెట్టెకు అడ్డంగా ఒక పెద్ద కెపాసిటర్ కూడా పెట్టించాను. అది కొద్దిగా కరెంటు దాచుకుని, మోటార్ల మొదటి తోపును కాస్త తాను భరిస్తుంది.

నేను ఆ అమ్మాయికి నేర్పినది ఒకటుంది. బ్యాటరీని ఊరికే ఉన్నప్పుడు కొలవకూడదు. ఊరికే ఉన్న బ్యాటరీ ఎప్పుడూ మంచి వోల్టేజీయే చూపిస్తుంది. బరువు ఎత్తుతుండగా కొలవాలి. మేం దీన్ని లోడ్ మీద కొలవడం అంటాం. షబానా ముద్దంత బరువున్న తడి ఇసుక చెంచాలో వేసి, ఒక చేత్తో మీటరు పట్టుకుని, రోజుల తరబడి కొలిచింది. మా ల్యాబు అటెండరు ఆ చెంచాకు ఇసుక తినిపించడం చూసి ముక్కున వేలేసుకున్నాడు.

దసరాకు వారం ముందు పరికరాన్ని శాంతిపురంలో అప్పగించాం. సెల్లులు మార్చడం నాగమ్మకు నేర్పాలి. ప్లస్, మైనస్ గుర్తులు ఆమెకు తెలియవు. షబానా ఒక సెల్లు చేతిలోకి తీసుకుని, పైన బుడిపె ఉన్నది దీని తల, చదునుగా ఉన్నవి కాళ్లు, కాళ్లు స్ప్రింగు మీద పెట్టాలి, తల ఇటు రేకుకు ఆనాలి అని చూపించింది. చిన్నపిల్లల్ని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టు అత్తా, అంది. నాగమ్మ ఒక్కసారికే నేర్చుకుంది. పాఠం చెప్పడంలో ఈ పిల్ల నన్ను మించిపోయిందని నేను లోలోపల మురిసిపోయాను.

ఆ రోజు చూడ్డానికి వీధి వీధంతా వచ్చింది. గంగులప్ప అందరి ముందూ బటను నొక్కి నాలుగైదు ముద్దలు తిని, సిగ్గుపడి ఆపేశాడు. వారమంతా బాగా నడుస్తోందని నాగమ్మ ఫోన్ చేసి చెప్పింది. వదిన నిశ్చింతగా హోసూరు వెళ్లిపోయింది. కాలేజీకి సెలవులిచ్చారు.

దసరా నాడు సాయంత్రం షబానా నాకు ఫోన్ చేసింది. యంత్రం ఆగిపోయిందట. దీపం వెలుగుతోంది కానీ చెయ్యి లేవడం లేదు, వణికి పడిపోతోందని నాగమ్మ చెప్పిందట. మర్నాడు ఒక్క రోజే ఆమెకు సెలవుంది. ఆ తర్వాత రోజు డ్యూటీకి రాకపోతే ఇక రానవసరం లేదని సూపర్‌వైజర్ ముందే అన్నాడు. ఇక రానని చెప్పేస్తానని నాగమ్మ అందట. రేపు సాయంత్రం దాకా ఎవరికీ ఏమీ చెప్పొద్దని చెప్పమన్నాను.

మర్నాడు పొద్దున్నే మదనపల్లెలో బస్సెక్కాను. పుంగనూరులో షబానా ఎక్కింది. టూల్ కిట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కెపాసిటర్ పోయిందా, మోటారు కాలిందా, తీగ ఊడిందా అని దారి పొడుగునా అదే ఆలోచన. నేనూ అవే అనుకున్నాను. ఆమె మాత్రం ఒక మాట అదనంగా అంది. "మేడం, నేను ఈ బ్యాటరీ ఎంచుకోకుండా ఉంటే అత్త ఆ పొద్దే వేరే దారి సూసుకొనుండును. నన్ను నమ్మి వదినని పంపించేసినారు." నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

ఇంటికి చేరేసరికి గంగులప్ప ముఖం గోడవైపు తిప్పుకుని ఉన్నాడు. నాగమ్మ మమ్మల్ని చూసి నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. షబానా ముందు మీటరు పెట్టింది. రెండు పెట్టెల్లోనూ వోల్టేజీ నిండుగా ఉంది. ఛార్జి బాగుంది. ఇప్పుడు లోడ్ మీద, అన్నాను. ఒక ఉండ చెంచాలోకి రాగానే మోటారు వణికింది, అంకె సగానికి సగం కూలిపోయింది. సెల్లులు నిండుగా ఉండి, మోటారు అడిగినప్పుడు మాత్రం కరెంటు రావడం లేదంటే నడుమ ఎక్కడో అడ్డం ఉందన్నమాట. బోర్డుకు కావలసింది చుక్క కరెంటు. అది ఎలాగో దూరి వస్తోంది కాబట్టి దీపం వెలుగుతోంది. మోటారుకు ధారగా కావాలి.

షబానా మోటార్ల పెట్టె మూత తీసి మొదటి సెల్లు బయటికి లాగింది. లాగి, దాన్ని అరచేతిలో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. నేను వంగి చూశాను. సెల్లు బుడిపె మీద చక్కగా పసుపు రాసి, నడుమ కుంకుమ బొట్టు పెట్టి ఉంది. రెండోదానికీ ఉంది. మూడోదానికీ, నాలుగోదానికీ. బోర్డు పెట్టెలోని నాలుగింటికీ ఉంది. తడి పసుపు ఎండి బుడిపెకూ రేకుకూ మధ్య పెంకు కట్టింది.

మా ప్రాంతంలో ఆయుధపూజ నాడు పనిముట్లకు బొట్టు పెట్టని ఇల్లు ఉండదు. మా ల్యాబులో కూడా అటెండరు ఆ రోజు ప్రతి మిషనుకూ పసుపు కుంకుమ పెట్టి నిమ్మకాయ కోస్తాడు. బొట్టు తలకే పెడతారు. తల ఏదో నాగమ్మకు షబానా చెప్పి ఉంది.

నాకు ఎలా చెప్పాలో తెలియలేదు. నీ బొట్టు వల్ల నీ మొగుడి అన్నం ఆగిందని ఆ మనిషితో ఏ నోటితో అనడం? అలా అన్నామంటే ఆమె జన్మలో మళ్లీ ఆ యంత్రాన్ని ముట్టుకోదు. షబానా కూడా అదే అనుకుంటోందని ఆమె ముఖం చూస్తే తెలుస్తోంది. మా ఇద్దరి ముఖాలు చూసి నాగమ్మే అడిగింది, ఏమైందని. షబానా సెల్లు చూపించి, ఎప్పుడు పెట్టినావత్తా అని మెల్లగా అడిగింది.

"పూజ నాడే పాపా," అంది నాగమ్మ. "ఈయన పడినప్పటి నుంచి మా ఇంట్లో పనిముట్లకు బొట్టు పెట్టింది లేదు. పనిముట్టు యాడుండాది పెట్టేదానికి? ఉలీ సుత్తీ సంచిలో కట్టి అటక మీద యేసేస్తిమి. ఈ యేడు ఆయనకి పనిముట్టు వచ్చినాది కదా. అందుకని ఒక్కదాన్నీ విడవకుండా పెట్టినాను."

కాలేజీలో మేం దాన్ని ప్రాజెక్టు అన్నాం, పరికరం అన్నాం, రిపోర్టులో సహాయక యంత్రం అని రాశాం. అది ఆయన పనిముట్టు అని మాకెవరికీ తట్టలేదు. ఆమెకు తట్టింది.

షబానా అబద్ధం చెప్పలేదు. నాగమ్మ పక్కన నేల మీద కూర్చుని, బొట్టు మంచిదే అత్తా, పెట్టిన చోటు ఇరుకు, ఈ తల లోపల రేకుకు తగిలితేనే కరెంటు పోతుంది, నడాన పసుపు అడ్డం వచ్చింది, అంతే, ఏదీ పాడు కాలేదు అని చెప్పింది. తల అని నేనే కదా నేర్పింది, అని కూడా అంది. నాగమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. అప్పుడు గోడవైపు ఉన్న గంగులప్ప ముఖం మావైపు తిరిగింది. చూస్తే నవ్వుతున్నాడు. నేను ఆయన నవ్వడం చూడటం అదే మొదలు. ఇన్నేళ్లూ నన్ను కంటిచూపుతో నిలబెట్టింది, ఇప్పుడు మోటార్లను కూడా నిలబెట్టేసింది మేడం, అని పెళ్లాన్ని ఆటపట్టించాడు. నాగమ్మ ఏడుస్తూనే నవ్వేసింది.

మెడికల్ షాపు నుంచి స్పిరిటూ దూదీ తెప్పించి, షబానా ఎనిమిది సెల్లుల బుడిపెలూ, పెట్టెల్లోని రేకులూ తుడిచింది. తుడిచిన దూదిని పారేయకుండా ఒక కాగితంలో మడిచి నాగమ్మకు ఇచ్చింది, చెట్టు మొదట్లో వేయమని. ఆ పిల్లకు ఆ మర్యాద ఎవరూ నేర్పలేదు. అంతా అయ్యాక నాగమ్మ కుంకుమ భరిణె పట్టుకుని నిలబడి, ఇంక దీనికి పెట్టకూడదా అని అడిగింది. చోటు చూపించింది గంగులప్పే.

"రాయికి పెట్టు నాగా. దీంట్లో నేను ఎరిగింది అదొకటే."

నాగమ్మ వంగి, చెయ్యి అడుగున ఉన్న నల్లరాతి పలక ముందంచు మీద పసుపు రాసి బొట్టు పెట్టింది. అద్దంలాంటి నల్లరాయి మీద ఆ బొట్టు చాలా అందంగా ఉంది. రాతిలో కరెంటు పోదు, రాయికి స్ప్రింగులు లేవు. ఇంజినీరింగు ప్రకారం అంతకన్నా సరైన చోటు లేదు.

ఇక లోడ్ మీద కొలవాలి. నేను మీటరు తీసుకుని ముందుకు జరిగాను. పళ్లెంలో గుంటలన్నీ నిండుగా ఉన్నాయి. గంగులప్ప పాదం బటను మీద ఉంది, కానీ నొక్కడం లేదు. మా ముగ్గురి వైపూ చూస్తున్నాడు. మొదటిసారి వచ్చినప్పుడు ఆయన చెప్పిన మాట నాకు గుర్తొచ్చింది. మీటరు సంచిలో పెట్టేశాను. షబానానీ నాగమ్మనీ తీసుకుని వాకిట్లోకి వెళ్లి, మెట్ల మీద ఆయనకు వీపు పెట్టి కూర్చున్నాం.

చూడకుండా పరీక్ష చేయడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి. వినడం ఒక్కటే దారి. సర్వోకు సన్నటి గీర్ల శబ్దం ఉంటుంది. పళ్లెం తిరిగింది, చెంచా దిగింది, మెల్లగా లేచింది, ఆగింది. వణుకు లేదు. కాసేపటికి మళ్లీ మోగింది. మళ్లీ ఆగింది. అలా కొన్నిసార్లు అయ్యాక, ఒకసారి శబ్దం ఆగి ఎంతకీ రాలేదు. రీసెట్ అయిందేమో మేడం అంటూ షబానా లేవబోయింది. రీసెట్ అయితే మూడు మోటార్లూ ఒక్కసారి దూకిన చప్పుడు వస్తుంది. అది రాలేదు. ఆమె మోచెయ్యి పట్టి కూర్చోబెట్టాను.

"ఏమీ కాలేదు," అన్నాను. "నములుతున్నాడు."

నాగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వీధివైపే చూస్తూ కూర్చుంది. లోపల చాలాసేపటికి మళ్లీ గీర్లు మోగాయి. మేం ఆ మెట్ల మీద ఎంతసేపు కూర్చున్నామో నేను చూసుకోలేదు. పళ్లెం ఖాళీ అయ్యాక ఆయనే పిలిచాడు. ఇంకో రెండు ముద్దలు ఉంటే పెట్టమని నాగమ్మను అడిగాడు. పడిన తర్వాత ఆయన ఇంకా కావాలని అడగడం విన్లేదని నాగమ్మ నాతో చెప్పింది. ఆ మర్నాడు ఆమె ఎప్పటిలాగే కుప్పంలో రైలెక్కింది.

ఏడాది చివర ప్రాజెక్టు పరీక్షకు పరికరం రాలేదు. అది శాంతిపురంలో పనిలో ఉంది. ఫోటోలు, సర్క్యూట్ బొమ్మ, కొలతలు పెట్టారు. బొమ్మలో అడుగు పలక ముందంచున షబానా ఒక చిన్న వలయం గీసి, పక్కన బొట్టు స్థానం అని రాసింది. ఇదేమిటమ్మా, ఏ భాగమిది అని ఎగ్జామినర్ అడిగాడు. ఇది లేకపోతే సెల్లుల కాంటాక్టులు చెడిపోతాయి సార్ అని ఆమె జవాబు చెప్పింది. ఆయన కళ్లజోడు సర్దుకుని కాసేపు చూసి, పేజీ తిప్పాడు. మార్కులు బాగానే వేశాడు.

తర్వాత నేను పనిచేసిన ఏడాదంతా, బ్యాటరీ గురించి అడిగిన ప్రతి జట్టునూ వోల్టులూ ఆంపియర్లూ తర్వాత అడుగుదురుగాని, ముందు దీన్ని రోజూ ఎవరు ముట్టుకుంటారో, పండగ నాడు దానికి ఏం చేస్తారో కనుక్కుని రమ్మన్నాను. బ్యాటరీ ఎంపిక అక్కడ మొదలవుతుంది. మనుషుల చేతులు యంత్రం మీద ఎక్కడికి పోతాయో ముందే చూసుకుని చోటు వదలడం డిజైనులో భాగం. వదలకపోతే వాళ్లే ఒక చోటు వెతుక్కుంటారు.